లేదు, కనబడలేదు: ఆహార పరీక్షలో వేడిదెబ్బ తిన్న సూక్ష్మజీవులు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగులో ‘లేదు’ అన్న మాటకూ ‘కనబడలేదు’ అన్న మాటకూ ఎంత తేడా ఉందో ఇల్లు నడిపే ప్రతివారికీ తెలుసు. డబ్బాలో బెల్లం లేదంటే ఇక వెతకవలసిన పని లేదని అర్థం. కనబడలేదంటే వెతకడం ఇంకా మిగిలి ఉన్నదని అర్థం. ఆహారపదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో ఈ రెండు మాటల నడుమ ఉన్న తేడాను గుర్తించకపోతే పసిపిల్లల ప్రాణాల మీదికి వస్తుంది. పాలపొడి, గుడ్డుపొడి, వండి నిలవచేసిన మాంసం, చాక్లెట్టు మొదలైనవి బజారుకు వచ్చేముందు వాటి నివేదికలో ‘25 గ్రాములలో సాల్మొనెల్లా లేదు’ అన్న ఒక చిన్న పంక్తి ఉంటుంది. ఆ పంక్తిని ఎంతవరకు నమ్మవచ్చు, దానిని రాయడానికి ముందు ప్రయోగశాలలో ఏమేమి జరిగి ఉండాలి అన్నదే నేటి ప్రసంగ విషయం.

పాఠశాల ఉత్సవంలో ఈ విషయమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. పిల్లలకు కారియర్ కట్టి పంపే తల్లులు, బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించేవారు, ఆ భోజనాన్ని ముందుగా రుచి చూసే ఉపాధ్యాయులు ఇక్కడ ఉన్నారు. ఇటువంటి పాఠశాలల్లో చదువుకొని పాల డెయిరీలలో, ఆసుపత్రి లాబరేటరీలలో, ఆహార పరిశ్రమలలో కొలువు చేస్తున్నవారు ఎందరో ఉంటారు. వీరందరికీ ఈ విషయంతో నిత్యం పని ఉంటుంది.

వేడి చేసే పని

వేడి చేస్తే ఆహారం చెడిపోదన్న సంగతి మనిషికి అనాదిగా అనుభవంలో ఉన్నదే. పాలు కాచి ఉంచడం, మిగిలిన పులుసును మళ్ళీ మరగించడం ఆ అనుభవం నేర్పినవే. దానికి శాస్త్రీయమైన పునాది వేసినవాడు ఫ్రాన్సు దేశానికి చెందిన లూయీ పాశ్చర్. ద్రాక్షసారాయం పులిసి చెడిపోకుండా ఉండాలంటే దానిని మరగనివ్వకుండా కొద్దిసేపు తగుమాత్రంగా వేడిచేస్తే చాలునని 1860 దశకంలో ఆయన నిరూపించాడు. ఆ పద్ధతికి ఆయన పేరే స్థిరపడి పాశ్చరీకరణం అయింది. నేడు పాలను 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 30 నిమిషాలు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు గాని ఉంచి, వెంటనే చల్లార్చడం అనేక దేశాల్లో అమలులో ఉంది.

వేడి తగలగానే సూక్ష్మజీవులన్నీ ఒక్కసారిగా చావవు. ఒక ఉష్ణోగ్రత వద్ద కొంతకాలం గడిచేసరికి పదింట తొమ్మిది వంతులు చస్తాయి. మళ్ళీ అంతే కాలం గడిస్తే, మిగిలిన వాటిలో పదింట తొమ్మిది వంతులు చస్తాయి. మొదట 10 లక్షలు ఉంటే మొదటి విడతకు ఒక లక్ష, రెండో విడతకు 10 వేలు, మూడో విడతకు వెయ్యి మిగులుతాయన్న మాట. ఎంతసేపు వేడిచేయాలన్నది మొదట అవి ఎన్ని ఉన్నాయన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. మురికి పాలను ఎంత కాచినా శుభ్రమైన పాలతో సమానం కావని పెద్దలు అనేమాటకు ఈ లెక్కలోనే సమాధానం దొరుకుతుంది.

ఆ సూక్ష్మజీవి ఉన్న పదార్థాన్ని బట్టి కూడా లెక్క మారిపోతుంది. నీళ్ళలోనో పాలలోనో ఉన్నప్పుడు కొద్ది వేడికే చచ్చే సాల్మొనెల్లా, పొడిగా ఉండే పదార్థంలో చిక్కుకున్నప్పుడు అదే వేడిని ఎన్నో రెట్లు ఎక్కువ సేపు తట్టుకొంటుంది. పాలపొడి, చాక్లెట్టు, వేరుశనగ ముద్ద వంటి వాటిని పరీక్షించేవారు అంత జాగ్రత్తగా ఉండటానికి ఇదొక కారణం.

పై లెక్కలో కణానికి బతికి ఉండటం, చచ్చిపోవడం అనే రెండు స్థితులే కనిపిస్తాయి. వాస్తవంలో ఈ రెంటి నడుమ మూడో స్థితి ఒకటి ఉంది. చావడానికి చాలినంత వేడి తగలక, ఆరోగ్యంగా ఉండటానికి వీలులేనంత వేడి తగిలిన కణాలు ఆ స్థితిలో ఉంటాయి. ఆహార పరీక్షకులకు అసలు చిక్కు వీటితోనే.

గాయపడిన కణం

బళ్ళారి ఎండలోనో, బరంపురం ఉక్కపోతలోనో వడదెబ్బ తిన్న మనిషిని ఊహించుకోండి. అతడికి ప్రాణం ఉంది. కాని అతడి ముందు విస్తరి వేసి ఆవకాయ అన్నం పెడితే తినలేడు. పలుగూ పారా చేతికిచ్చి పని చేయమంటే చేయలేడు. నీడన పడుకోబెట్టి, పలుచని మజ్జిగో గంజో తాగించి, ఒక పూట విశ్రాంతి ఇస్తే మాత్రం లేచి తన పని తాను చేసుకొంటాడు. వేడిదెబ్బ తిన్న బాక్టీరియా కణం స్థితి కూడా ఇంచుమించు ఇటువంటిదే.

బాక్టీరియా కణాన్ని చుట్టి ఒక పలుచని త్వచం ఉంటుంది. ఏది లోపలికి రావాలి, ఏది బయటికి పోవాలి అన్నది అది నిర్ణయిస్తుంది. వేడికి ఆ త్వచం దెబ్బతిన్నప్పుడు కణంలోని పొటాషియం, అమైనో ఆమ్లాలు మొదలైనవి బయటికి కారిపోతాయి. బయట ఉన్న హానికర పదార్థాలు లోపలికి చొరబడతాయి. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములు శిథిలమవుతాయి. కొన్ని ఎంజైములు పనిచేయడం మానేస్తాయి. ఇన్ని నష్టాలు జరిగినా, మరమ్మతుకు కావలసిన సరుకు, సమయం దొరికితే కణం మళ్ళీ నిలదొక్కుకొంటుంది.

దీనిని స్పష్టంగా చూపిన ప్రయోగాలలో ఒకటి 1966లో అమెరికాలో వెలువడింది. ఇయాండోలో, ఆర్డల్ అనే శాస్త్రవేత్తలు స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద ఈ ప్రయోగం చేశారు. చీముపుండ్లకూ, ఆహారం విషమించడానికీ కారణమయ్యే ఈ బాక్టీరియాకు ఉప్పును తట్టుకొనే శక్తి బాగా ఎక్కువ. అనేక ఇతర సూక్ష్మజీవులు పెరగలేని 7.5 శాతం ఉప్పులో కూడా ఇది హాయిగా పెరుగుతుంది. ఆ శాస్త్రవేత్తలు దీనిని 55 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఉంచారు. తరువాత చూస్తే, బతికి ఉన్న కణాలలో 99 శాతానికి పైగా ఉప్పు కలిపిన యానకం మీద పెరగలేకపోయాయి. ఉప్పు లేని మంచి పోషకద్రవంలో కొంతసేపు ఉంచాక వాటికి పోయిన శక్తి తిరిగి వచ్చింది. కణాలు కోలుకోవడానికి ఆర్.ఎన్.ఏ.ను మళ్ళీ తయారుచేసుకోవడం అవసరమని కూడా ఆ పరిశోధనలో తేలింది.

ఉప్పు యానకాన్ని మాత్రమే చూసిన పరీక్షకుడికి నూటికి ఒకటి కూడా బతికి లేదనిపిస్తుంది. ఉప్పు లేని యానకాన్ని చూసినవాడికి అవన్నీ బతికే ఉన్నాయని తెలుస్తుంది. సీసాలో ఉన్నవి అవే కణాలు. వెతికిన తీరులోనే తేడా.

జల్లెడ పట్టే పరీక్ష

అటువంటప్పుడు ఉప్పు లేని యానకమే వాడవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం తెలియాలంటే ప్రయోగశాలలో బాక్టీరియాను ఎలా వెతుకుతారో కొంత తెలియాలి.

బాక్టీరియా కంటికి ఆనదు. దానికి తిండి పెట్టి, ఒక్కొక్కటి కోట్లుగా పెరిగేలా చేస్తే ఆ గుంపు ఒక చుక్కలా కనిపిస్తుంది. ఆ తిండినే వర్ధనయానకం అంటారు. జర్మనీలో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో మొదట జెలటిన్‌తో గట్టిపరచిన యానకం వాడేవారు. అది వేసవిలో కరిగిపోయేది. అక్కడ పనిచేస్తున్న వాల్తేర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తాను వంటలో వాడే అగార్‌ను ఉపయోగించి చూడమని 1881లో సలహా ఇచ్చింది. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థమే బజారులో చైనా గ్రాస్ అన్న పేరుతో దొరుకుతుంది. తమిళనాడులో దీనిని కడల్‌పాసి అంటారు. వంటింటి నుంచి వచ్చిన ఆ సలహా నేటికీ లోకంలోని ప్రయోగశాలలన్నిటినీ నడిపిస్తున్నది.

ఆహారంలో ఉండే బాక్టీరియా అంతా హానికరం కాదు. చెంచాడు పదార్థంలో లక్షలాది నిరపాయకర బాక్టీరియా ఉండవచ్చు. వాటి నడుమ ఒకటో రెండో సాల్మొనెల్లా కణాలు ఉంటే, అన్నిటికీ సమానంగా తిండి పెట్టినప్పుడు ఆ గుంపులో సాల్మొనెల్లా జాడ తెలియదు. అందువల్ల మిగతావాటిని అణచి, కావలసినదానిని మాత్రమే పెరగనిచ్చే పదార్థాలను యానకంలో కలుపుతారు. పైత్యరస లవణాలు, మాలకైట్ గ్రీన్ వంటి రంగులు, ఉప్పు, కొన్ని సూక్ష్మజీవినాశక ఔషధాలు ఇందుకు పనికివస్తాయి. పేగులలో బతకడం అలవాటైన సాల్మొనెల్లా పైత్యరసానికి బెదరదు. మిగిలినవాటిలో చాలా భాగం బెదురుతాయి. ఇటువంటి వాటిని ఏరివేత యానకాలు అనవచ్చు. ఇవి జల్లెడల వంటివి.

కాని ఆ జల్లెడ ఆరోగ్యంగా ఉన్న సాల్మొనెల్లాను దృష్టిలో పెట్టుకొని తయారైనది. త్వచం చిరిగిన సాల్మొనెల్లా ఆ పైత్యరస లవణాలను తట్టుకోలేదు. కోలుకోగలిగిన కణం పరీక్షలోనే చస్తుంది. యానకం మీద చుక్క పుట్టదు. నివేదికలో ‘లేదు’ అని పడుతుంది. పరీక్షకుడు అబద్ధం రాయలేదు. తాను చూసినదే రాశాడు. అయినా ఆ మాట నిజం కాదు.

దీనివల్ల వచ్చే ప్రమాదం

ప్రయోగశాలకు వెళ్ళిన 25 గ్రాములు పరీక్షలో ఖర్చయిపోతాయి. మిగిలిన సరుకు ఇళ్ళకు చేరుతుంది. అక్కడ ఏరివేత యానకం ఉండదు. పాలపొడిని గోరువెచ్చని నీళ్ళలో కలిపి, సీసాలో పోసి గంటల తరబడి ఉంచితే, గాయపడిన కణానికి అంతకంటే మంచి గంజి దొరకదు. అది కోలుకొంటుంది, పెరుగుతుంది, రోగం కలిగించే శక్తిని తిరిగి పొందుతుంది. ఆ పాలు తాగేది పసిబిడ్డ.

1985లో బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడి ద్వారా సాల్మొనెల్లా ఈలింగ్ అనే రకం వ్యాపించింది. పాలను పొడిగా మార్చే యంత్రం లోపలి గోడకు పడిన చిల్లి గుండా కలుషితమైన పదార్థం లోపలికి చేరిందని విచారణలో తేలింది. పొడిలో ఉన్న బాక్టీరియా సంఖ్య అతి స్వల్పం. అయినా అది పసిపిల్లలను జబ్బు చేయగలిగింది. ఇంత తక్కువ సంఖ్యలో ఉన్నవాటిని వెతికేటప్పుడు ఒక్క కణాన్ని పోగొట్టుకొన్నా పరీక్ష ఫలితం తారుమారవుతుంది.

రెండో ప్రమాదం కర్మాగారాలకు సంబంధించినది. తమ యంత్రం వేడిచేసే తీరు చాలునా అన్నది నిర్ణయించడానికి పరిశ్రమలు ముందుగా ప్రయోగం చేసి చూస్తాయి. ఉదాహరణకు 10 లక్షల కణాలను వేడిచేశాక ఏరివేత యానకం మీద 10 చుక్కలు మాత్రమే పుట్టాయనుకొందాం. లక్షకు ఒకటి మాత్రమే మిగిలిందని, వేడి చాలునని అందరూ సంతోషిస్తారు. అదే నమూనాను సౌమ్యమైన యానకం మీద పరిస్తే వెయ్యి చుక్కలు పుట్టవచ్చు. అప్పుడు మిగిలినవి వెయ్యికి ఒకటి చొప్పున అని తేలుతుంది. మొదటి లెక్కను నమ్మి వేడిని, సమయాన్ని ఖాయం చేస్తే, ఆ పొరపాటు తరువాత తయారయ్యే ప్రతి డబ్బాలోనూ ఉంటుంది.

ముందు గంజి, తరువాత పరీక్ష

ఈ చిక్కుకు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం వడదెబ్బ తిన్నవాడికి ఇంట్లో చేసే ఉపచారాన్ని పోలినదే. ముందు కణాన్ని తేరుకోనివ్వాలి. జల్లెడ సంగతి ఆ తరువాత.

సాల్మొనెల్లా పరీక్షకు అంతర్జాతీయంగా అనుసరించే ప్రమాణం ఐ.ఎస్.ఓ. 6579. దానిలో మొదటి భాగం ప్రస్తుత రూపం 2017లో వెలువడింది. దాని ప్రకారం 25 గ్రాముల ఆహారాన్ని 225 మిల్లీలీటర్ల పెప్టోన్ ద్రవంలో కలిపి, సుమారు 37 డిగ్రీల వెచ్చదనంలో దాదాపు 18 గంటలు ఉంచుతారు. ఈ ద్రవంలో ఉండేవి పెప్టోన్, కొద్దిపాటి ఉప్పు, ఆమ్లత్వం పెరగకుండా చూసే ఫాస్ఫేటు లవణాలు మాత్రమే. విషాలు, రంగులు, పైత్యరసం ఏవీ ఉండవు. దీనిని ముందస్తు పోషణ అనవచ్చు. ఆ రాత్రి గడిచిన తరువాతే దానిలో కొంత తీసి ఏరివేత ద్రవాలలో వేస్తారు. వాటిలో ఒకదానిని 41.5 డిగ్రీల వద్ద ఉంచుతారు. మరునాడు అగార్ పళ్ళేల మీద పరిచి చుక్కల కోసం చూస్తారు.

ఆహారాన్ని ద్రవంలో కలపడంలో కూడా మెలకువ ఉంది. ఎండిపోయి ఉన్న కణం మీద ఒక్కసారిగా నీళ్ళు పడితే ఆ తాకిడికే అది పగిలిపోవచ్చు. అందుకని కొన్ని పద్ధతులలో పాలపొడిని ద్రవం పైన మెల్లగా చల్లి, కలియబెట్టకుండా ఒక గంటసేపు దానంతట అది నానేలా వదిలేస్తారు. చాక్లెట్టులోని కోకో పదార్థాలు సాల్మొనెల్లాను అణచివేస్తాయి. వెన్న తీసిన పాలలో కలిపితే ఆ ప్రభావం విరుగుతుంది. మసాలా దినుసుల సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. పంటి నొప్పికి లవంగం నొక్కిపెట్టడం ఏ ఇంటిలోనైనా ఉన్నదే. ఆ లవంగం ఘాటు పరీక్షలో కూడా బాక్టీరియాను ఎదగనివ్వదు. అందువల్ల దాల్చినచెక్కకు నూరింతలు, లవంగాలకు వెయ్యింతలు ద్రవం పోసి పలుచన చేస్తారు. ఉల్లి, వెల్లుల్లి పొడులకు సల్ఫైటు లవణం కలిపి వాటి ఘాటును విరుస్తారు. ఇవేవీ చేయకుండా ‘మా మసాలాలో ఏమీ లేదు’ అని రాస్తే, ఆ మాటకు కారణం శుభ్రత కాకపోవచ్చు, లవంగం ఘాటు కావచ్చు.

లిస్టీరియా అనే మరో బాక్టీరియా గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, వృద్ధులకు ప్రాణాంతకం. 2017, 2018 సంవత్సరాలలో దక్షిణాఫ్రికాలో తినడానికి సిద్ధంగా ఉండే మాంసపదార్థం ద్వారా ఇది వ్యాపించి వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. రెండువందల మందికి పైగా మరణించారు. దీని పరీక్షలో కూడా మొదటి రోజు మందుల మోతాదును సగానికి తగ్గించిన ద్రవాన్ని వాడి, రెండో విడతకు పూర్తి మోతాదు వాడతారు. అమెరికా ప్రభుత్వ పద్ధతిలో మొదటి 4 గంటలు ఏ మందూ లేని ద్రవంలో 30 డిగ్రీల వద్ద ఉంచి, ఆ తరువాతే మందులు కలుపుతారు.

స్టాఫిలోకాకస్ విషయంలో ఉపాయం మరో విధంగా ఉంది. గాలిలో పెరిగే కణంలో హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. ఆరోగ్యవంతమైన కణం దానిని తన ఎంజైముతో విరిచేస్తుంది. వేడిదెబ్బ తిన్న కణంలో ఆ ఎంజైము సరిగా పనిచేయదు. కణం తనలో పుట్టిన విషానికే బలి అవుతుంది. 1962లో బెయర్డ్-పార్కర్ రూపొందించిన యానకంలో కలిపిన పైరువేటు ఆ పెరాక్సైడును విరిచేసి కణాన్ని కాపాడుతుంది. ఆ శాస్త్రజ్ఞుని పేరుతోనే ఆ యానకం నేటికీ వాడుకలో ఉంది.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కాంగ్, ఫుంగ్ అనే శాస్త్రవేత్తలు 1990 దశకం చివర ఇంకొక సులభమైన పద్ధతి ప్రతిపాదించారు. అడుగున ఏరివేత అగార్ పోసి, దానిపై సాధారణ పోషక అగార్‌ను పలుచని పొరగా పోస్తారు. నమూనాను పైపొర మీద పరుస్తారు. మొదటి కొన్ని గంటలు కణాలకు మంచి తిండి మాత్రమే అందుతుంది. ఆ వ్యవధిలో అవి తేరుకొంటాయి. అడుగు పొరలోని మందులు మెల్లమెల్లగా పైకి పాకి వచ్చేసరికి కణాలు వాటిని తట్టుకొనే స్థితికి వస్తాయి. ఒకే పళ్ళెంలో ఉపచారమూ పరీక్షా రెండూ జరిగిపోతాయి.

ఉపచారానికి హద్దు

గంజి ఎంత ఎక్కువ పోస్తే అంత మేలు అనుకోవడం కూడా సరికాదు. ముందస్తు పోషణ దొరికేది గాయపడిన శత్రువుకు మాత్రమే కాదు. చుట్టూ ఉన్న లక్షలాది ఇతర బాక్టీరియా కూడా అదే ద్రవంలో పెరుగుతాయి. అవి ఆరోగ్యంగా ఉన్నవి, వేగంగా ఎదిగేవి. ఉపచారం మరీ ఎక్కువసేపు సాగితే అవి తిండి అంతా తినేసి, ద్రవాన్ని పులియబెట్టి, సాల్మొనెల్లాను మరుగుపరుస్తాయి. తక్కువసేపు చేస్తే కణం కోలుకోదు. ఈ రెంటి నడుమ హద్దును ఎన్నో ప్రయోగాల మీద, ఎన్నో ప్రయోగశాలలు కలిసి పోల్చిచూసిన మీదట నిర్ణయించారు. గంటలు, డిగ్రీలు, మిల్లీలీటర్లు ప్రమాణంలో అంత కచ్చితంగా రాసి ఉండటానికి కారణం ఇదే.

కొత్త పద్ధతులు వచ్చాక ఈ శ్రమ ఎందుకని అడిగేవారున్నారు. పి.సి.ఆర్. అనే పద్ధతి బాక్టీరియా జన్యుపదార్థాన్ని కొద్ది గంటలలోనే గుర్తిస్తుంది. అయితే చచ్చిన కణంలో కూడా జన్యుపదార్థం కొంతకాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. సక్రమంగా వేడిచేసి చంపిన బాక్టీరియాను చూసి కూడా ఈ పరీక్ష ‘ఉంది’ అనవచ్చు. దీనిని సవరించడానికి 2006లో ప్రొపిడియం మోనోఅజైడు అనే రంగు వాడే పద్ధతి వెలువడింది. త్వచం చెడిన కణాలలోకి మాత్రమే ఆ రంగు చొరబడి, వాటి జన్యుపదార్థాన్ని లెక్కకు రాకుండా చేస్తుంది. కాని త్వచం కొంత దెబ్బతిని, ఇంకా కోలుకోగల కణాన్ని కూడా అది చచ్చినవాటి జాబితాలో చేర్చే అవకాశం ఉంది. అందువల్ల ఆహార పరీక్షలో పి.సి.ఆర్. వాడేవారు కూడా సాధారణంగా ముందు ఆహారాన్ని పోషకద్రవంలో ఉంచి, కణాలను పెరగనిచ్చిన తరువాతే యంత్రం దగ్గరకు వెళతారు. పెరిగింది అంటే బతికి ఉన్నట్టే. యంత్రం ఎంత వేగమైనదైనా ఆ తొలి రాత్రిని తప్పించలేకపోయింది.

కాలం విలువ

ఈ కారణాలన్నిటి వల్ల సాల్మొనెల్లా కనబడలేదని చెప్పడానికి సాంప్రదాయిక పద్ధతిలో మూడు రోజులకు తక్కువ పట్టదు. అనుమానాస్పదమైన చుక్క కనిపిస్తే నిర్ధారణకు మరికొన్ని రోజులు కావాలి. ఈలోగా సరుకు గోదాములో ఉంటుంది. లారీ వాకిట నిలిచి ఉంటుంది. యజమాని ఫోను చేస్తాడు. 18 గంటలను 8 గంటలు చేస్తే ఏమవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడు చాలాసార్లు పాతికేళ్ళ లాబ్ టెక్నీషియన్. సమయం తగ్గించినందువల్ల ఆ రోజు ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. నివేదిక కూడా శుభ్రంగానే వస్తుంది. నిజానికి సమయం తగ్గించినకొద్దీ నివేదిక మరింత శుభ్రంగా వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. సరిగా చేసిన పరీక్ష మీద నింద పడుతుంది, సరిగా చేయని పరీక్షకు మెప్పు దక్కుతుంది. ఈ సంగతి తెలిసిన పై అధికారి, నివేదికలన్నీ ఏడాది పొడుగునా ‘లేదు’ అనే వస్తుంటే సంతోషించడంతో ఆగడు. కొద్దిపాటి వేడిదెబ్బ తగిలిన బాక్టీరియాను తెలిసి తెలిసి ఒక నమూనాలో కలిపి, ప్రయోగశాల దానిని పట్టుకోగలదో లేదో పరీక్షిస్తాడు.

భారతదేశంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దానిని అమలుచేసే సంస్థ 2008లో ఏర్పడింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ 1950 నుంచి ఈ రంగంలో పరిశోధనలు జరుపుతున్నది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. విజ్ఞానశాస్త్రం మీద అభిరుచి ఉన్న విద్యార్థులకు ఈ రంగంలో చేయవలసిన పని ఎంతో ఉంది. ఇందుకు కావలసిన మొదటి గుణం ఓర్పు. తొందరపెట్టేవారి ముందు ‘ఇంకా సమయం కాలేదు’ అని చెప్పగల స్థైర్యం రెండోది.

వంటింటికి చెందిన మాట

ఇళ్ళలో ప్రయోగశాలలు ఉండవు. రుచి చూసో, వాసన చూసో ఈ బాక్టీరియాను కనిపెట్టడం సాధ్యం కాదు. సాల్మొనెల్లా చేరిన పాయసం కూడా తియ్యగానే ఉంటుంది. బడిలో భోజనాన్ని ఉపాధ్యాయుడు ముందుగా రుచి చూడటం మంచి నియమమే. ఉడికిందా, మాడిందా, పాచిపోయిందా అన్నది దానివల్ల తెలుస్తుంది. అంతకు మించి తెలియదు.

గాయపడిన కణాల గురించి తెలిశాక ఇంట్లో చేయవలసిన పని ఒకటే. వేడిచేసేది అరకొరగా చేయకూడదు. నిన్నటి కూరను పైపైన వెచ్చచేసి పక్కన పెట్టడం వల్ల బాక్టీరియాకు గాయం మాత్రమే అవుతుంది. ఆ తరువాత గోరువెచ్చగా గంటల తరబడి ఉంచడం దానికి ఉపచారం చేయడమే అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహారం లోపలి భాగం కూడా 70 డిగ్రీలకు చేరేలా వండమని, వండినదాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన గాని, నిలవచేసేటప్పుడు 5 డిగ్రీలకు లోపు గాని ఉంచమని చెబుతున్నది. పసిపిల్లల పాలపొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో కలిపి, చల్లార్చి, వెంటనే పట్టించాలని, మిగిలినదాన్ని దాచకూడదని 2007లో ఆ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. పాలపొడి డబ్బాను సూక్ష్మజీవులు ఏమాత్రం లేని పదార్థంగా భావించకూడదన్నదే ఆ సలహాకు ఆధారం. డబ్బా మీద ఉన్న ముద్ర ఎంత గొప్పదైనా ఇంట్లో చేయవలసిన పని ఇంట్లో చేయవలసిందే.

సభలో ఉన్న ఉపాధ్యాయులకు ఇందులో తమ పరీక్షల సంగతి స్ఫురించవచ్చు. జ్వరం తగ్గిన మరునాడే పరీక్ష రాసిన పిల్లవాడికి వచ్చిన మార్కులు వాడి చదువును తెలుపవు, వాడి జ్వరాన్ని తెలుపుతాయి. ప్రయోగశాలలో వెతికేది శిష్యుణ్ణి కాదు, శత్రువును. అయినా న్యాయం ఒకటే. పరీక్ష పెట్టేవాడు తన పరీక్ష దేనిని కొలుస్తున్నదో ముందు తెలుసుకోవాలి.

ఇకమీదట ఏ ఆహారపు నివేదికలోనైనా ‘లేదు’ అన్న మాట కనిపించినప్పుడు తల్లిదండ్రులు, పాఠశాల పాలకవర్గాలు అడగదగిన ప్రశ్న ఒకటుంది: ఏ పద్ధతిలో, ఎంతసేపు వెతికారు? నిజాయితీగా పనిచేసిన ప్రయోగశాల ఆ ప్రశ్నకు నొచ్చుకోదు. ఏ ప్రమాణం, ఎన్ని గంటలు, ఎన్ని డిగ్రీలు అన్నది తన పుస్తకం తెరిచి చూపిస్తుంది.